పూచీ పడని మధ్యవర్తి



ఎదుటి మనిషి ముఖం చూడకుండా, ఊరు తెలియకుండా, ఫోనులో ఒక సైటును నమ్ముకుని అప్పులిచ్చేవాళ్లు, అదే దారిలో అప్పు తెచ్చుకునేవాళ్లు ఇప్పుడు మన మధ్య కూడా ఉన్నారు. దీన్ని పీర్ టు పీర్ లెండింగ్ అంటున్నారు, క్లుప్తంగా పీటూపీ. ఒకరి దగ్గర మిగిలిన డబ్బు, బ్యాంకు చేతిలోకి వెళ్లకుండా, ఇంకొకరికి అప్పుగా చేరే ఏర్పాటు ఇది. ఈ వ్యవహారం అర్థం కావాలంటే విజయవాడ వన్ టౌన్‌ని ఒకసారి తలుచుకోవాలి. సైట్లు పుట్టకముందు నుంచే ఆ సందుల్లో ఈ పని సాగుతోంది.

అక్కడి వస్త్రలత మార్కెట్లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టు ఉందనుకోండి. ఆషాఢమంతా బేరాలు లేక ఈగలు తోలుకున్నారు. శ్రావణం వచ్చేసరికి సరుకు దించాలి, ఆ వెంటనే దసరా, కార్తీకంలో పెళ్లిళ్లు. ఐదు లక్షలు కావాలి. సీజను బాగుంటే నాలుగైదు నెలల్లో తిరిగి ఇచ్చేయగలరు. బ్యాంకు అడిగే కాగితాలన్నీ సమకూర్చుకునేలోపు సీజను కాస్తా దాటిపోతుంది. సరిగ్గా అప్పుడే ఉయ్యూరులో ఒక రిటైరైన మాస్టారి దగ్గర పీఎఫ్ డబ్బు ఉంటుంది. గుడివాడలో ఒక పెద్దావిడ దగ్గర, పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు ఇచ్చిన పొలం అమ్మిన సొమ్ము ఉంటుంది. బ్యాంకు ఇచ్చే వడ్డీతో ఆవిడకి ఇల్లు గడవదు. ఈ కొట్టాయనకీ ఆ పెద్దావిడకీ ముఖపరిచయం లేదు. ఇద్దరినీ ఎరిగినవాడు మధ్యలో ఒకడుంటాడు. బ్రాహ్మణ వీధిలోనో శివాలయం వీధిలోనో నలుగురికీ తెలిసిన మనిషి. ఆయన మాట మీద నూటికి రూపాయిన్నర, రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసుకుంటారు. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, కింద సాక్షి సంతకాలు. నోటు మూడేళ్లకు కాలదోషం పడుతుంది కాబట్టి, ఆలోగా కొంత సొమ్ము కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయిస్తారు. చట్టం తెలియని ముసలమ్మకి కూడా ఈ సంగతి తెలుసు.

ఇందులో అసలు బలం నోటుది కాదు, మధ్యవర్తిది. ఆయన ఎక్కడా సంతకం పెట్టి ఉండడు. అయినా వడ్డీ ఆగితే పెద్దావిడ ముందు ఆయన గుమ్మంలోకే వస్తుంది. "నీ ముఖం చూసి ఇచ్చాను నాయనా" అంటుంది. ఆ మాట పడలేక ఆయన కొట్టు దగ్గరికి వెళ్లి కూర్చుంటాడు, సగమో పావో రాబడతాడు. ఒకసారి ఆయన చెప్పినచోట డబ్బు మునిగితే, రెండోసారి ఆయన మాటకి ఎవరూ డబ్బు తీయరు. కొట్టాయన చేతులెత్తేసి ఐపీ పెట్టినప్పుడు, అంటే 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టుకి వెళ్లినప్పుడు, అప్పిచ్చినవాళ్లందరికీ నోటీసులు వస్తాయి. విజయవాడలో ఐపీ అనే రెండక్షరాలకి ఎన్ని ఇళ్లలో పెళ్లిళ్లు ఆగిపోయాయో, ఎన్ని చదువులు మధ్యలో నిలిచిపోయాయో పెద్దవాళ్లనడిగితే చెబుతారు. కాబట్టి పాత పద్ధతి అంతా బంగారమని నేననను. కానీ ఆ పద్ధతిలో ఎవరిని అడగాలో తెలిసేది.

పాత పద్ధతికి ఇంకా చీకటి ముఖం ఒకటుంది. అదీ మన ఊరిదే. 2015 డిసెంబరులో విజయవాడలో ఒక మహిళ పోలీసులకి ఫిర్యాదు చేయడంతో కాల్ మనీ దందా బయటపడింది. ఫోను చేస్తే చాలు, ఇంటికి వచ్చి డబ్బు చేతిలో పెడతారు. ఖాళీ నోట్ల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు తీసుకుంటారు. ఆ తరవాత వడ్డీ మీద వడ్డీ కట్టి, కట్టలేని ఇళ్లలో ఆడవాళ్ల మీద అఘాయిత్యాలకు తెగబడ్డారన్న ఆరోపణలు వచ్చాయి. అప్పటి పోలీస్ కమిషనర్ గౌతమ్ సవాంగ్ హయాంలో నగరమంతా సోదాలు జరిగాయి, శాసనసభ ఈ విషయం మీద అట్టుడికిపోయింది. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2006 మార్చిలో, మన అప్పటి కృష్ణా జిల్లాలోనే సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ల ఒత్తిడి మీద గగ్గోలు పుట్టి, రెండు పెద్ద సంస్థలకి చెందిన యాభై దాకా శాఖలను అధికారులు మూయించారు. 2010 అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు, వారం వారం వసూళ్లు ఆపి నెలకోసారే కట్టించుకోమని, ఇంటి మీదకి వెళ్లి వేధించకూడదని ఆ సంస్థలను కట్టడి చేసింది. అప్పు వసూలు ఎంత దూరం వెళ్తుందో దేశానికి తెలియజెప్పిన జిల్లాల్లో మనదీ ఒకటి.

ఇప్పుడు సైటు దగ్గరికి వద్దాం.

2005లో బ్రిటన్‌లో జోపా అనే సంస్థ ఈ పద్ధతిని మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాది అమెరికాలో ప్రాస్పర్, తరవాత లెండింగ్ క్లబ్ వచ్చాయి. మన దేశంలో ఫెయిర్‌సెంట్, లెన్‌డెన్ క్లబ్, హైదరాబాద్ నుంచి ఐ-లెండ్ లాంటివి పుట్టుకొచ్చాయి. కొన్నేళ్లు వీటిని అడిగేవాళ్లు లేరు. 2017 అక్టోబరు 4న రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. అప్పటి నుంచి ఈ వ్యాపారం చేయాలంటే బ్యాంకు కాని ఆర్థిక సంస్థగా, ఎన్‌బీఎఫ్‌సీ-పీటూపీ అనే రిజిస్ట్రేషన్ ఉండాలి, కనీసం 2 కోట్ల రూపాయల సొంత నిధి చూపించాలి. దేశం మొత్తం మీద ఆ రిజిస్ట్రేషన్ ఉన్నవి పాతిక ప్రాంతంలోనే ఉన్నాయి. ఇవి తప్ప, ఫోనులో పీటూపీ అని పేరు పెట్టుకుని కనబడేది ఏదైనా సరే, అది చట్టం ఎరగని వ్యవహారం.

నియమాలు కొంచెం ఓపికగా వినండి, ఇవి మీ డబ్బుకి సంబంధించినవి. అప్పు కావాల్సినవాళ్లు అన్ని సైట్లలోనూ కలిపి 10 లక్షలకి మించి తీసుకోకూడదు. ఇచ్చేవాళ్లు అన్ని సైట్లలోనూ కలిపి 50 లక్షలకి మించకూడదు. 10 లక్షలు దాటితే తమ ఆస్తి నికరంగా 50 లక్షలకి తగ్గదని చార్టర్డ్ అకౌంటెంటు చేత రాయించి ఇవ్వాలి. ఒకే మనిషి ఇంకో మనిషికి 50 వేలకి మించి ఇవ్వడానికి లేదు. అంటే మన వస్త్రలత కొట్టాయనకి ఐదు లక్షలు కావాలంటే తక్కువలో తక్కువ పదిమంది ఇచ్చేవాళ్లు కలవాలి. గడువు 36 నెలలు దాటకూడదు. బంగారం, పొలం, ఇల్లు ఏదీ తాకట్టు పెట్టించుకోకూడదు. నగదు ముట్టుకోకూడదు. డబ్బంతా బ్యాంకు నెలకొల్పిన ట్రస్టీ చేతి కింద ఉండే ఎస్క్రో ఖాతాల గుండానే పోవాలి, రావాలి. సైటు తన జేబులోంచి అప్పివ్వకూడదు. ఇచ్చేవాళ్లకి తీసుకునేవాళ్ల వివరాలు, క్రెడిట్ స్కోరు చూపిస్తారు. తీసుకునేవాళ్లకి మాత్రం ఇచ్చినవాళ్లెవరో, ఎక్కడుంటారో చెప్పరు. గుడివాడ పెద్దావిడ డబ్బు తన దగ్గర ఉందని కొట్టాయనకి తెలియదన్నమాట.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. సైటు ఏ రూపంలోనూ హామీ ఇవ్వకూడదు. అప్పు తిరిగి రాకపోతే అసలు, వడ్డీ మొత్తం నష్టం ఇచ్చినవాళ్లదే. 2024 ఆగస్టు 16న రిజర్వు బ్యాంకు ఈ మాటను మరింత గట్టిగా చెప్పింది. సైటు తన రుసుమును కూడా అప్పు ఇచ్చేటప్పుడే చెప్పేయాలి. అది ఇంతని కట్టిన మొత్తమో, అసలులో ఇంత వంతో అయి ఉండాలి, అప్పు తీరడం తీరకపోవడంతో దానికి ముడి ఉండకూడదు. మన శివాలయం వీధి మధ్యవర్తికీ ఈ సైటుకీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. ఆయన పూచీ పడకపోయినా పూచీ పడ్డట్టే బతికాడు. సైటు పూచీ పడకూడదని చట్టమే చెబుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి అడగొచ్చు, ఈ సైటుకి గుమ్మం లేదు.

ఇది వినగానే, ఇదేం న్యాయం, మధ్యలో ఉన్నవాడికి బాధ్యత లేకపోతే ఎలా అని మీకు అనిపించవచ్చు. నాకూ ఆ అనుమానం వచ్చింది. ఆలోచించి చూస్తే రిజర్వు బ్యాంకు చేసింది సరైన పనే అనిపిస్తోంది. వీధిలో మధ్యవర్తి ఇరవై మంది వ్యవహారాలు చూస్తాడు. ఒక ఆప్ లక్షల మందివి చూస్తుంది. అది "మీ డబ్బుకి నాదీ పూచీ, ఏడాదికి ఇంత గ్యారంటీ" అన్నదంటే, పేరు ఏదైనా అది డిపాజిట్లు సేకరిస్తున్నట్టే. డిపాజిట్లు తీసుకునే బ్యాంకుకి కాపలా ఉంటుంది, 5 లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్సు ఉంటుంది. ఆప్‌కి అవేమీ లేవు. గ్యారంటీ మాట నమ్మి మునగడం ఎలా ఉంటుందో విజయవాడకి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఊరు కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో డబ్బు కట్టినవాళ్ల ఖాతాలు ముప్పై లక్షలకు పైమాటే, చిక్కుకున్న సొమ్ము ఆరు వేల కోట్లకు పైమాటే. అందులో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లు, చిన్న ఉద్యోగులు. అది పీటూపీ కాదు. కానీ చేతిలో లేని పూచీని అమ్మితే ఏమవుతుందో అది చూపించింది.

పీటూపీలో కూడా ఆ దారి తొక్కినవాళ్లున్నారు. 2021లో భారత్‌పే వాళ్ల 12 పర్సెంట్ క్లబ్, క్రెడ్ వాళ్ల మింట్ లాంటివి, పీటూపీ సంస్థలతో చేయి కలిపి ఆప్‌లలోకి వచ్చాయి. ఏడాదికి 12 శాతం దాకా, 9 శాతం దాకా అన్నారు, కావాలనుకున్న రోజు డబ్బు వెనక్కి తీసుకోవచ్చన్నారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మీ డబ్బు ఎవరికో ఏడాదికో రెండేళ్లకో అప్పుగా వెళ్లింది. ఆ మనిషి నెలనెలా కొంచెం కొంచెంగా కడతాడు. మరి మీరు అడిగిన రోజున మొత్తం డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మీ తరవాత వచ్చినవాళ్లు వేసిన డబ్బులోంచి రావాలి. కొత్తవాళ్లు వస్తున్నంత కాలం ఇబ్బంది తెలియదు. అందరూ ఒకేసారి అడిగితే ఏమవుతుంది? 2024 ఆగస్టు నియమాలు దీన్ని ఆపేశాయి. ఇంత కాలానికి ఇంత గ్యారంటీ అని పీటూపీని పొదుపు పథకంలా ప్రచారం చేయకూడదు, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి ఇస్తామనకూడదు, ఎస్క్రో ఖాతాలో పడిన డబ్బు మరుసటి పనిదినం దాటి అక్కడ నిలవ ఉండకూడదు అన్నాయి. అంతే, ఆ పథకాలు మూతపడ్డాయి. ఎన్నో సైట్ల వ్యాపారం ఒక్కసారిగా కుంచించుకుపోయింది. అంటే జనం వచ్చింది అప్పు ఇవ్వడానికి కాదు, ఎఫ్‌డీ కంటే ఎక్కువ వస్తుందని డిపాజిట్ వేయడానికి. తాము అప్పిచ్చినవాళ్లమన్న సంగతి వాళ్లలో చాలామందికి తెలియదు. నన్ను బాధపెట్టేది అదే.

ఇచ్చేవాళ్ల లెక్క ఒకటి చేసి చూద్దాం. కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి. నూటికి నెలకు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. నోటు మీద లక్ష ఇస్తే ఏడాదికి 24 వేలు వడ్డీ చేతికొస్తుంది, అసలు లక్ష అలాగే ఉంటుంది. మన ఇళ్లలో అలవాటైన లెక్క ఇది. సైటులో అలా ఉండదు. మీ లక్షని వెయ్యి చొప్పున వందమందికి పంచారనుకుందాం, అదే 24 శాతానికి, ఏడాది గడువుకి. వెయ్యి తీసుకున్న మనిషి నెలకు 94 రూపాయల 56 పైసలు కడతాడు. అందులో అసలూ ఉంటుంది, వడ్డీ కూడా ఉంటుంది. పన్నెండు నెలలకి వందమందీ కడితే మీకు వచ్చేది 1,13,472 రూపాయలు. 24 వేలు వస్తుందనుకున్నచోట 13 వేల చిల్లర. అసలు నెలనెలా వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి వడ్డీ తగ్గుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు మళ్లీ ఎవరికో ఒకరికి ఇస్తూ పోతేనే ఆ 24 శాతం నిలబడుతుంది. ఇప్పుడు వందలో పన్నెండుగురు మొదటి వాయిదా నుంచే ఎగ్గొట్టారనుకోండి. మిగతా 88 మంది ఒక్క రోజు ఆలస్యం లేకుండా కట్టినా మీ చేతికి వచ్చేది 99,855 రూపాయలు. వడ్డీ అంతా పోయి, అసలులోంచి కూడా పోవడం మొదలైంది. సైటు రుసుము ఇందులో కలపలేదు. వచ్చిన వడ్డీ మీద ఆదాయపు పన్ను కూడా ఉంటుంది. నూటికి రెండు అని సైటులో కనబడ్డ అంకె మీకు రాబోయే లాభం కాదు, అవతలి మనిషి మీద మోపిన వడ్డీ. అంత వడ్డీ కట్టడానికి ఒప్పుకున్నాడంటే అతనికి తక్కువ వడ్డీకి ఇచ్చేవాళ్లు దొరకలేదని అర్థం. ఆ సంగతి గుడివాడ పెద్దావిడకి ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలుసు. "అయిదు రూపాయల వడ్డీకి ఒప్పుకున్నాడంటే వాడు ఇచ్చేవాడు కాదురా" అంటుంది ఆవిడ.

తీసుకునేవాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం కథ వేరు. నా సానుభూతి ఎక్కువగా వాళ్ల మీదే. కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయల గంప పెట్టుకునే మనిషి దగ్గరికి రోజూ సాయంత్రం డైలీ ఫైనాన్స్ కుర్రాడు వస్తాడు. పదివేలని చెప్పి, 8,500 చేతికిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటారు. 1,500 రూపాయలే కదా అనిపిస్తుంది. లెక్క కడితే ఏడాదికి నూటికి 120 దాకా తేలుతుంది. 9,000 చేతికిచ్చినా 75 దాటుతుంది. దీని పక్కన పెట్టి చూస్తే, రిజిస్ట్రేషన్ ఉన్న సైటులో 18కో 24కో దొరికే అప్పు చాలా మేలు. కాగితం స్పష్టంగా ఉంటుంది, ఖాళీ నోటు మీద సంతకం అడగరు, అప్పు మొత్తం ఖర్చు ఎంతో ఒకే కాగితం మీద ముందే చూపించాలి. వసూలు కోసం ఉదయం 8 గంటలకి ముందు, రాత్రి 7 తరవాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు ఏజెంట్లకి ఆంక్ష పెట్టింది. కాల్ మనీ చేతిలో నలిగిన ఊళ్లో ఈ నాలుగు మాటల విలువ తక్కువ కాదు.

కానీ ఆ కూరగాయల మనిషికి సైటు అప్పిస్తుందా అంటే, చాలావరకు ఇవ్వదు. జీతం చీటీ అడుగుతుంది, బ్యాంకు స్టేట్‌మెంటు, క్రెడిట్ స్కోరు అడుగుతుంది. రోజూ వెయ్యి రూపాయలు చేతులు మారినా, అది బ్యాంకు ఖాతాలో కనబడకపోతే సైటుకి ఆ మనిషి లేనట్టే. శివాలయం వీధి మధ్యవర్తి అయితే ఆమె గంప ఎన్నాళ్లుగా అక్కడే ఉందో చూసి చెప్పగలిగేవాడు. ఇప్పుడిప్పుడే ఫోన్‌పే, గూగుల్ పే లెక్కలు ఖాతాలో కనబడుతున్నాయి కాబట్టి దారి కొంత తెరుచుకుంటోంది. రంగ్ దే లాంటి ఒకటి రెండు సంస్థలు తక్కువ వడ్డీకి పల్లె మనుషులకి, చేతివృత్తులవాళ్లకి అప్పు ఇప్పించే పని పెట్టుకున్నాయి. మిగతావి ఎక్కువగా నెలజీతగాళ్ల చుట్టూనే తిరుగుతున్నాయి.

డెల్టాలో కౌలు రైతుకి ఈ అప్పు అసలు నప్పదు. దివిసీమలోనో పెదపారుపూడి దగ్గరో సార్వా వరి వేసిన రైతుకి డబ్బు కనబడేది కోతల తరవాతే. ఆ వెనక మినుము చేతికొస్తే ఇంకొంచెం. ఏడాదికి రెండుసార్లు ఆదాయం వచ్చే మనిషిని వచ్చే నెల నుంచే వాయిదా కట్టమంటే, ఆ వాయిదా కోసం ఇంకోచోట అప్పు చేస్తాడు. ఊబిలోకి మొదటి అడుగు అదే. కౌలు రైతులు 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద వచ్చే కార్డు తీసుకుని, ముందు సహకార సంఘాన్ని, బ్యాంకును అడగండి. అక్కడ తిప్పుతారు, నాకు తెలుసు. తిప్పినా సరే, పట్టు వదలకండి. పంట అప్పు పంటతోనే తీరాలి.

వన్ టౌన్ వ్యాపారులకి ఒక మాట. చేబదులు పుస్తకంలో ఉన్న అప్పు మూడో మనిషికి తెలియదు. సైటు అప్పు అలా కాదు. ప్రతి సైటూ క్రెడిట్ సమాచార సంస్థలకి లెక్కలు పంపాలి. ఒక వాయిదా తప్పితే అది నమోదవుతుంది. రేపు ఇల్లు కొనడానికి వెళ్లినా, అమ్మాయి చదువుకి లోను అడిగినా అది ముందుకొస్తుంది. నోటు మీద తీసుకున్న మనిషి దగ్గరికెళ్లి, "సీజను దెబ్బతింది, రెండు నెలలాగండి" అని అడగొచ్చు. ఆయన విసుక్కున్నా ఆగుతాడు. పదిమందో ఇరవైమందో ఇచ్చిన డబ్బు విషయంలో ఆ మాట అడగడానికి మనిషే ఉండడు. వరదలొచ్చినా అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట నీట మునిగినప్పుడు ఎన్ని చిన్న కొట్లలో సరుకు పాడైందో మనం కళ్లారా చూశాం. అలాంటి నెలలో కూడా వాయిదా తేదీ వచ్చేస్తుంది. కాబట్టి బేరం ఎలా ఉన్నా నెలకి ఇంత కట్టగలను అన్న ధైర్యం ఉంటేనే సైటు జోలికి వెళ్లండి.

బయటి దేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. చైనాలో ఈ సైట్లు వేల సంఖ్యలో పుట్టాయి. 2015 చివర్లో ఈజూబావో అనే ఒక్క సంస్థ కూలిపోయినప్పుడు తొమ్మిది లక్షల మంది డబ్బు, దాదాపు 5,000 కోట్ల యువాన్లు, ఇరుక్కుపోయింది. అక్కడ సైటులో కనబడ్డ అప్పుల్లో చాలావరకు అసలు లేవే లేవు. 2020 నవంబరుకల్లా చైనాలో ఈ వ్యాపారం పూర్తిగా మూతపడింది. అమెరికాలో లెండింగ్ క్లబ్ 2020లో మామూలు జనం దగ్గర డబ్బు తీసుకోవడం ఆపేసింది. మొదటిదైన జోపా బ్యాంకు లైసెన్సు తెచ్చుకుని, 2021లో పీటూపీ వదిలేసింది. కనిపెట్టినవాళ్లే వదిలేశారంటే అందులో ఉన్న కష్టం చిన్నది కాదు.

ఇక దొంగ ఆప్‌లు. రిజర్వు బ్యాంకు వేసిన ఒక కమిటీ 2021 మొదటి రెండు నెలల్లో వెతికితే అప్పులిచ్చే ఆప్‌లు 1,100 దాకా కనబడ్డాయి, వాటిలో 600కు పైగా చట్టవిరుద్ధమైనవి. అవి ఫోనులో నంబర్లు, ఫొటోలు లాక్కుని, బంధువులకి ఫోన్లు చేసి పరువు తీస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్న కుటుంబాలున్నాయి. పీటూపీ పేరుతో వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో వచ్చే సందేశాలు కూడా ఈ జాతివే. గుర్తు తేలిక. అసలైన సైటులో మీ డబ్బు ఎస్క్రో ఖాతాకే వెళ్తుంది. ఒక మనిషి పేరున్న యూపీఐకి పంపమన్నారంటే, అప్పిచ్చే ముందు ప్రాసెసింగ్ ఫీజు వేయమన్నారంటే, మీ ఫోనులోని కాంటాక్టులు, గ్యాలరీ తెరవమన్నారంటే, అక్కడితో ఆపేయండి. తెలిసినవాళ్ల మధ్య చేబదులు ఇచ్చుకునేటప్పుడు కూడా 20 వేలు, అంతకు మించి అయితే నగదు వద్దు. ఆదాయపు పన్ను చట్టం దాన్ని ఒప్పుకోదు, తీసుకున్నవాళ్లకి అంత మొత్తం జరిమానా పడొచ్చు.

అయితే చివరికి ఇవ్వాలా వద్దా అని మీరడిగితే, నా మాట ఇది. వడ్డీ మీద బతికేవాళ్లు, రిటైరైన మాస్టార్లు, పసుపు కుంకుమల సొమ్ము తప్ప వేరే ఆధారం లేని అమ్మలు ఇందులోకి రాకండి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పథకం ఉంది, బ్యాంకు ఉంది. వడ్డీ తక్కువైనా చెప్పిన గడువుకి చేతికొస్తుంది. సంపాదించే వయసులో ఉండి, పోయినా ఇల్లు గడిచే డబ్బు ఉన్నవాళ్లు, అందులో చిన్న వంతు, చాలామందికి పంచి ఇవ్వగలిగితే ఇవ్వవచ్చు. అదొక పుణ్యకార్యంలా కూడా చూడొచ్చు, డైలీ ఫైనాన్స్ చేతిలోంచి ఒక మనిషిని బయటికి లాగినట్టవుతుంది. కానీ అది మీ అప్పు, మీ నష్టం, మీ లాభం. మధ్యలో ఉన్న సైటు దానికి పూచీ పడదు, పడతానని చెబితే అది అబద్ధం.

మీ ఇంట్లో పిల్లలు ఎవరైనా అమ్మమ్మ ఫోనులో ఏ ఆప్‌లోనైనా డబ్బు వేశారేమో ఈ వారం ఒకసారి అడగండి. ఆ సంస్థ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉన్న ఎన్‌బీఎఫ్‌సీ-పీటూపీ జాబితాలో ఉందో లేదో వాళ్ల చేతే చూపించుకోండి. లేకపోతే రిజర్వు బ్యాంకు వారి సచేత్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి.